అక్క వినాలనుకున్న తిట్లు

రామతులసి నోరు మంచిదని భీమవరం దగ్గరి ఆ పల్లెలో ఎవరూ అనరు. ఆవిడ అమ్మే ఇడ్లీలు మాత్రం మంచివి, అందుకని నోటిని కూడా భరిస్తారు. ఆ నోరు తనది కాదనీ, అక్క దగ్గర నేర్చుకున్నదనీ ఆవిడ అంటుంది.

అక్క అలివేలుమంగ బర్మాలో ఉంది. ఇద్దరూ అక్కడే పుట్టారు. అక్కడ సైన్యం గద్దెనెక్కాక నాన్న అందరినీ ఓడెక్కించి తెచ్చేశాడు. అప్పటికే పెళ్ళయిన అక్క అక్కడే ఉండిపోయింది. రేవులో సామాను లాక్కున్న సిపాయిని ఆ రోజు అక్క దులిపేసిన దులుపుడు రామతులసి చెవుల్లో ఇంకా ఉంది. ఆ గొంతు మళ్ళీ వినాలని ప్రాణం కొట్టుకుంటుంది.

ఇప్పుడు ఫోన్లో అక్క కనిపిస్తుంది, ఆ గొంతే రాదు. మొన్న అక్కడ ఎన్నికలయ్యాయి. "ఓటేశావా అక్కా? ఎవరికి?" అని అడిగితే, "ఏం కూర వండావే?" అంటూ అక్క కిటికీ వైపు చూసింది.

"ఎన్నికలు పెట్టారు, సభ కూడా ఉందంట కదండి. ఇంకేంటి, మనలాగే," అన్నాడు ఇడ్లీ తింటున్న రొయ్యల మేత కొట్టు బుల్లిరాజు.

"మనలాగేంటండీ?" అంది రామతులసి. "పోయినసారి గెలిచినోళ్ళని జైల్లో తోశారు. సభలో నాలుగో వంతు కుర్చీలు ఓటుతో పనిలేకుండా సైన్యానివే. పందిరేస్తే పెళ్ళయిపోద్దా? ఓడినోడు ఇంటికెళ్ళాలి, గెలిచినోడు మాట పడాలి. అప్పుడండి సభంటే."

మర్నాడు అక్కతో మాట్లాడుతుండగా సర్పంచి లోకనాథ్ బండి దిగాడు. అతని రొయ్యల చెరువు ఉప్పునీళ్ళు వారం నుంచీ ఈ వీధిలోకే వస్తున్నాయి. "మా సర్పంచొచ్చాడు, తిట్టే పనుందక్కా," అంటూ, వింటే అక్క భయపడుతుందని రామతులసి ఫోను పెట్టేయబోయింది.

"పెట్టెయ్యకే. తిట్టు. నేను వింటాను," అంది అక్క.

రామతులసి ఫోనుని చెంబుకి ఆనించింది. "ఏమయ్యా లోకనాథూ! నీ రొయ్యలు బలిస్తే మా మొక్కలు చావాలా? ఓట్లకొచ్చినప్పుడు వంగిన నడుం ఇప్పుడు వంగదా? కాలవ తవ్వించకపోతే ఈసారి మా వీధిలో ఒక్క ఓటు పడితే ఒట్టు!"

"తవ్విస్తానండి పిన్నిగారూ, ముందు ఇడ్లీ పెట్టండి," అన్నాడు లోకనాథ్, బల్ల మీద కూర్చుంటూ.

ఫోన్లో అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. కళ్ళు మాత్రం తడిగా ఉన్నాయి.

"ఆయన నిన్నేం చెయ్యడా?"

"ఏం చేస్తాడే? ఇంకాస్త చట్నీ అడుగుతాడు."

అక్క కిటికీ వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"రేపు కూడా తిట్టవే."