నేల చూసే తుపాకీ

బ్యాంకు గుమ్మంలో రెండు గొట్టాల తుపాకీ పట్టుకుని నిలబడే మనిషిని ఆ వీధిలో అందరూ తుపాకీ బాబాయ్ అంటారు. మనిషి నిలువెత్తు, మీసం అందుకు తగ్గట్టు. ఆ మీసాన్ని చూసి లోపలికి వచ్చేవాళ్లు ఫోన్లో గొంతు తగ్గించి మాట్లాడతారు. ఆయన చేసే పని మాత్రం తలుపు తీయడం, పెన్ను మర్చిపోయి వచ్చినవాళ్లకి పెన్ను ఇవ్వడం, ఇచ్చిన పెన్ను తిరిగి రాబట్టుకోవడం. ఇన్నేళ్ల కొలువులో ఆయన వెంటపడి పట్టుకున్నది పెన్ను జేబులో వేసుకుపోయేవాళ్లని మాత్రమే.

ఆ తుపాకీని ఆయన ఒక్కసారి కూడా పేల్చలేదు. పనిలో చేరినప్పుడు శిక్షణ ఇస్తామన్నారు. శిక్షణ రోజున వాన పడింది. వచ్చే వారం పెట్టుకుందామన్నారు. ఆ వారం ఇంతవరకూ రాలేదు. తూటాలు వేయడం, తీయడం, గొట్టాలు తుడిచి నూనె రాయడం మాత్రం ఆయనకి ముందు పనిచేసిన ముసలి కాపలాదారు నేర్పాడు. మొన ఎప్పుడూ నేల వైపే ఉండాలని, మనుషుల మీదకి పొరపాటున కూడా తిరగకూడదని ఆ ముసలాయన చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పాడు. అది బాబాయ్‌కి ఒంటపట్టిపోయింది. ఇంట్లో గొడుగు కూడా మొన కిందకి పెట్టే పట్టుకుంటాడు.

ఇంట్లో కథ వేరు. కూతురికి ఐదేళ్లప్పుడు వీధిలో వరసగా దొంగతనాలు జరిగాయి. పిల్ల భయపడి నిద్రపోనని మొండికేసింది. "ఓసారి మా బ్యాంకులోకి దొంగ వచ్చాడమ్మా. నేను ఢామ్మని పేల్చాను. వాడు చెప్పులు కూడా వదిలేసి పారిపోయాడు" అన్నాడు బాబాయ్. పిల్ల హాయిగా నిద్రపోయింది. అక్కడితో అయిపోతే బాగుండేది. మర్నాడు పిల్ల బడిలో చెప్పింది, బడి వీధికి చెప్పింది. ఏడాది తిరిగేసరికి దొంగలు ముగ్గురయ్యారు, వాళ్లలో ఒకడికి కత్తి కూడా వచ్చింది. బాబాయ్ కాదనలేదు. కాదంటే పిల్లకి మళ్లీ నిద్ర పట్టదేమోనని మొదట్లో ఊరుకున్నాడు, తర్వాత ఊరుకోవడమే అలవాటైపోయింది.

నిజం తెలిసినది ఒక్క భార్యకే అని బాబాయ్ నమ్మకం. ఆవిడ ఇంట్లోనే కర్టెన్లు కుడుతుంది. దొంగల కథ ఎత్తినప్పుడల్లా నోరు మెదపదు గానీ, కుట్టుమిషన్‌ని మామూలు కంటే గట్టిగా తొక్కుతుంది.

ఆ కూతురు ఇప్పుడు పెద్దదై ఫోన్లు బాగుచేసే దుకాణంలో పనిచేస్తోంది. సాయంత్రాలు జట్టు కట్టి కంప్యూటర్‌లో తుపాకుల ఆట ఆడుతుంది. అందులో జట్టుకి ఐదుగురు. ఒక జట్టు గదిలో ఉన్న పెట్టెని గడువు దాటేదాకా కాపాడాలి, రెండో జట్టు దాన్ని ఎత్తుకుపోవాలి. తూటా తగిలి చచ్చినవాడు ఆ ఆట ముగిసేదాకా కుర్చీలో కూర్చుని బతికున్నవాళ్లకి సలహాలిస్తాడు. వాళ్ల జట్టులో కూతురు కాక ప్లంబింగ్ చేసే అన్నదమ్ములిద్దరు, కళ్లజోళ్ల షాపతను ఒకడు, బేకరీలో పనిచేసే అమ్మాయి ఒకత్తి. ఆదివారం వెనక వీధి జట్టుతో పోటీ అనగా, ఆ అమ్మాయికి గవదబిళ్లలు వచ్చాయి. హెడ్‌ఫోన్స్ చెవులకి ఎక్కడం లేదు.

"నాన్నా, నువ్వే ఆడాలి" అంది కూతురు.

"నాకు ఫోన్లో అలారం పెట్టడమే రాదు కదమ్మా."

"అలారం సంగతి ఎవడికి కావాలి? నిజం తుపాకీ పేల్చినవాడివి. మా అందరిలో అలాంటివాళ్లు ఇంకెవరున్నారు?"

లోపల కుట్టుమిషన్ దడదడమంది. బాబాయ్ ఆ చప్పుడు వైపు ఓసారి చూసి, సరేనన్నాడు.

శిక్షణ ఆ రోజే మొదలైంది. "ఎడం చెయ్యి నడవడానికి, కుడి చెయ్యి చూడడానికి. అంతే నాన్నా" అని తేల్చేసింది కూతురు. బాబాయ్ ఎడం చేత్తో నడిస్తే కుడి చెయ్యి బిగుసుకుపోయేది, కుడి చేత్తో చూస్తే కాళ్లు ఆగిపోయేవి. రెండూ కలిపి చేసిన మొదటిసారి ఆయన బొమ్మ గిరగిరా తిరుగుతూ వెళ్లి నీళ్ల తొట్టెలో పడింది. అందులోంచి బయటికి రావడానికి ఏ మీట నొక్కాలో తెలియక, కూతురు వంటింట్లోంచి టీ తెచ్చేదాకా ఆ నీళ్లలోనే మర్యాదగా నిలబడ్డాడు.

నడక వచ్చాక ఇంకో చిక్కు బయటపడింది.

"నాన్నా, ఎప్పుడూ కిందకే చూస్తావేంటి?"

"చేతిలో తుపాకీ ఉంది కదమ్మా. మొన నేలకే ఉండాలి."

"ఇది ఆట నాన్నా."

"ఆటయితే మాత్రం? అటూ ఇటూ మనుషులు తిరుగుతున్నారు."

కూతురు ముఖం వెలిగిపోయింది. అసలు తుపాకీ పట్టినవాళ్లకే ఇంత పద్ధతి ఉంటుందని జట్టంతటికీ చెప్పింది. ఆ రెండు రోజుల్లో బాబాయ్ ఆ ఆటలో ఉన్న నేలలన్నీ చూశాడు. చెక్క నేల, గచ్చు నేల, పగిలిన పలకల నేల. పలకలు పరిచినవాడు మూలల్లో సరిగ్గా కలపలేదని కూడా కనిపెట్టాడు. శత్రువులు ఆయనకి మోకాళ్ల దాకానే తెలుసు. "ఎవరివో బూట్లు వస్తున్నాయమ్మా" అనేవాడు. ఆ మాట పూర్తయ్యేలోపు చచ్చిపోయేవాడు.

పేల్చాల్సిన మీట జోలికి మాత్రం ఆయన వెళ్లలేదు. పేల్చాడంటే గుట్టు రట్టవుతుందని ఆయన భయం. అసలు మనిషి ఎలా పేలుస్తాడో, ఏ కన్ను మూస్తాడో, భుజం ఎలా ఆనిస్తాడో ఆయనకేం తెలుసు? చూసేవాళ్లు ఇట్టే పట్టేస్తారనుకున్నాడు. అందుకని మూడో రోజు ఏమీ ఎరగనట్టు అడిగాడు.

"ఇందులో తుపాకీతో పనిలేని ఉద్యోగం ఏమైనా ఉందా?"

"వైద్యుడున్నాడు. దెబ్బలు తగిలినవాళ్లకి మందు కొడుతూ తిరగాలి. చిన్న పిస్తోలు ఇస్తారు గానీ దాంతో పెద్దగా పనుండదు."

బాబాయ్‌కి ప్రాణం లేచొచ్చింది. "అదిచ్చెయ్యి నాకు. ఈ వయసులో ప్రాణాలు పోయడమే మంచిది తల్లీ. తీసినవి చాలు" అనేశాడు. ఆ చివరి మాట ఎందుకు జారిందో ఆయనకే తెలియదు. లోపల మిషన్‌లో సూది విరిగిన చప్పుడైంది.

గురువారం జట్టంతా కలిసి ఇంటర్నెట్ సెంటర్లో సాధన చేశారు. కళ్లజోళ్లతను పరమ వినయంగా ఒక మూల చూపించి, "మావయ్యగారూ, మీరిక్కడ ఉండండి" అన్నాడు. వీధి వీధంతా బాబాయ్ అని పిలిచే మనిషిని అతనొక్కడే మావయ్యగారూ అంటాడు. అలా ఎందుకంటాడో బాబాయ్ ఎప్పుడూ ఆలోచించలేదు. ఆయన భార్య మాత్రం మొదటి రోజే ఆలోచించి, ఓ కంట కనిపెడుతోంది.

ఉండమన్న చోట బాబాయ్ ఉన్నాడు. అవతల తన జట్టువాళ్లు ఒక్కొక్కరూ తూటాలు తిని "మందు బాబాయ్, మందు" అని మొత్తుకున్నారు. ఈయన కదల్లేదు.

"ఏంటి బాబాయ్, రారేం?" అన్నాడు ప్లంబర్లలో పెద్దవాడు, చచ్చాక.

"డ్యూటీ మార్చే మనిషి రాకుండా చోటు వదిలితే ఉద్యోగం ఊడుతుంది నాయనా."

ఎంత చెప్పినా ఆయన ఆ ఒక్క విషయంలో వినలేదు. చివరికి ఆయన దారికే వచ్చారు. మందు కావలసినప్పుడు ఎవరో ఒకరు దెబ్బలతోనే పరిగెత్తుకొచ్చి, "నేనొచ్చాను బాబాయ్, ఇక మీరు వెళ్లండి" అనాలి. అప్పుడాయన చుట్టూ ఓసారి పరికించి, అన్నీ సరిగ్గా ఉన్నాయని చెప్పి, బయల్దేరతాడు. ఆయన వెళ్లేసరికి మందుతో అవసరం తీరిపోయేది. ఇక లాభం లేదని, ఆదివారం ఆయన్ని పెట్టె ఉన్న గదిలోనే కాపలా పెట్టాలని కూతురు తీర్మానించింది.

ఈలోగా బేకరీ అమ్మాయి గవదబిళ్లలతో కూడా ఊరుకోలేదు. మా వైపు ఆడేది దొంగల్ని కాల్చిన మనిషి అని వెనక వీధిలో చాటింపు వేసింది. శనివారం బ్యాంకుకి వచ్చిన వెనక వీధి మందుల షాపాయన బాబాయ్‌ని ఎగాదిగా చూసి, అడగకుండానే పెన్ను తిరిగి ఇచ్చేశాడు. వాళ్ల జట్టు నాయకుడు ఆయనే.

ఆ సాయంత్రం భార్య కర్టెన్ మడతపెడుతూ, "చెప్పెయ్యండి. రేపు నలుగురిలో బయటపడేకంటే ఇవాళ ఇంట్లో మీరే చెప్పడం నయం" అంది.

"ఎలా చెప్పనే? చిన్నప్పటి నుంచీ నేనున్నానంటే దానికి ధైర్యం. అది కాస్తా పోతే నా దగ్గర ఇంకేముంది, ఈ మీసం తప్ప?"

"మీసంలో కూడా సగం రంగే" అంది ఆవిడ. అన్నాక జాలేసి, ఆయనకి రెండో టీ ఇచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం ఇంటర్నెట్ సెంటర్ కిక్కిరిసింది. మధ్యలో ఒక చెక్క అడ్డు, దానికి అటు ఐదుగురు, ఇటు ఐదుగురు. బాబాయ్ ఇస్త్రీ చేసిన యూనిఫారంలో వచ్చాడు. మొదటి ఆట వెనక వీధివాళ్లు గెలిచారు, రెండోది వీళ్లు గెలిచారు. ఆ రెండింట్లోనూ బాబాయ్ నేలనే పరిశీలిస్తూ గడిపాడు. మిగిలింది మూడో ఆట, అందులో పెట్టెని కాపాడాల్సింది వీళ్లే.

మూడో ఆటలో ముందు ప్లంబర్లిద్దరూ చెరొకర్ని పడగొట్టి, ఒకే మెట్టు మీద పోయారు. కళ్లజోళ్లతను అద్దాలు తుడుచుకుంటూ పోయాడు. కూతురు ఇద్దర్ని పడగొట్టి తనూ పడిపోయింది. లెక్క చూసుకుంటే అటు మందుల షాపాయన ఒక్కడే, ఇటు పెట్టె గదిలో బాబాయ్ ఒక్కడే. గడువు ఇంకో నిమిషం ఉంది.

మందుల షాపాయన గది తలుపు దాకా వచ్చి ఆగిపోయాడు. ఆయన అడుగుల చప్పుడు హెడ్‌ఫోన్స్‌లో స్పష్టంగా వినిపిస్తోంది. ఓ అడుగు ముందుకి, రెండడుగులు వెనక్కి. లోపలున్నది ముగ్గురు దొంగల్ని తరిమిన మనిషి కదా, ఆయనకి ధైర్యం చాలడం లేదు. ఆ తలుపు బయట అలా తచ్చాడితే చాలు, గడువు దాటిపోతుంది, పెట్టె దక్కుతుంది, ఆట గెలుస్తారు.

బాబాయ్ పిస్తోలు మొన నేల మీద ఉంది. తలుపు తెరుచుకుంటే పేల్చాలి, పేలిస్తే తెలిసిపోతుంది. నుదుటి చెమట మీసంలోకి దిగి, రంగు కాస్త పెదవి మీదకి వచ్చింది.

చచ్చిన నలుగురూ వచ్చి ఆయన కుర్చీ వెనక నిలబడ్డారు. "ఏమవుతుందో ఏంటో" అన్నాడు చిన్న ప్లంబరు, గోళ్లు కొరుక్కుంటూ.

కూతురు తండ్రి భుజం మీద చెయ్యి వేసింది. "ఏం కాదు. మా నాన్న ఉన్నాడు" అంది.

ఆ మాట ఎంతో మామూలుగా అంది. గోడ ఉంది, తలుపుంది అన్నట్టే అంది. బాబాయ్‌కి ఇంత నమ్మకాన్ని దొంగసొమ్ములా ఇన్నేళ్లూ దాచుకు తిన్నానే అని సిగ్గేసింది. ఇంక ఆయన వల్ల కాలేదు. హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టి, కుర్చీలోనే వెనక్కి తిరిగాడు.

"నేనెప్పుడూ తుపాకీ పేల్చలేదమ్మా" అన్నాడు. "ఒక్కసారి కూడా. దొంగలూ లేరు, ఏమీ లేదు. నువ్వు నిద్రపోవడం లేదని అలా చెప్పాను."

గొంతు సహజంగానే పెద్దది కావడంతో ఆ మాట అందరికీ వినిపించింది. చెక్క అడ్డు పైనుంచి మందుల షాపాయన తల లేచింది.

"నిజమా బాబాయ్?"

"నిజమే నాయనా."

"ఒట్టు?"

"మా అమ్మాయి మీద ఒట్టు."

తల మళ్లీ కిందకి దిగిపోయింది. మరుక్షణం పెట్టె గది తలుపు తెరుచుకుంది. మందుల షాపాయన తాపీగా లోపలికి నడిచి, ఇటు తిరిగి కూతుర్నే చూస్తూ కూర్చున్న బాబాయ్‌ని ఒక్క తూటాతో పడగొట్టి, పెట్టె ఎత్తుకుని వెళ్లిపోయాడు. అడ్డుకి అవతల కేకలు, ఈలలు. ఇవతల ప్లంబర్లిద్దరూ తలలు పట్టుకున్నారు. "పర్లేదు మావయ్యగారూ" అని కళ్లజోళ్లతను ఒక్కడే అన్నాడు.

కూతురు ఇంటి వైపు చరచరా ముందు నడిచింది. బాబాయ్ రెండడుగులు వెనకగా, తల దించుకుని నడిచాడు. పిల్ల మనసు విరిగిపోయిందని, ఇంక తనని మునుపటిలా చూడదని ఆయనకి ఏడుపు వచ్చినంత పనైంది. వీధి మలుపు దగ్గరికొచ్చాక ఆగి అడిగాడు.

"కోపం వచ్చిందా తల్లీ?"

"రాదా మరి?" అంది కూతురు, గిర్రున వెనక్కి తిరిగి. "దొంగలు లేరని నాకు పదో తరగతిలోనే అమ్మ చెప్పేసింది. ఇరవై ఏళ్లు కడుపులో దాచుకున్నవాడివి, ఇంకో అర నిమిషం ఆగలేకపోయావా నాన్నా?"