భద్రాచలంలో ఖోఖో, నా కునుకు, సోమమ్మ వెదురుబొంగు

రిటైర్మెంట్‌కి రెండేళ్లున్న లైబ్రేరియన్‌ని నేను. రోజంతా పిల్లల నోరు మూయించే నాకు మా ఖమ్మం ఆడపిల్లల కాలేజీ అప్పగించిన పని చప్పుడు మోయడం. మూడేళ్ల కిందట మా ఖోఖో కెప్టెన్ నాగమణి, పాల్వంచ అవతల అడవిపల్లెలోని తన ఇంటి నుంచి ఒక వెదురుబొంగు తెచ్చింది. జొన్నచేలో పిట్టల్ని తోలడానికి వాళ్లమ్మ సోమమ్మ దాన్ని సగం దాకా చీల్చి చేసింది. ఊపితే చీలికలు రెండూ టపటపా కొట్టుకుంటాయి. అది మోగితే మా కాలేజీ వచ్చిందని అందరికీ తెలుస్తుంది. జట్టు వెళ్లే జీపులో వేస్తే విరుగుతుందట, అందుకని దాన్ని బస్సులో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లే భారం నా నెత్తిన పడింది.

భద్రాచలంలో సెమీఫైనల్ పదకొండింటికి. ముందురోజే వెళ్లిన జట్టుతో వెళ్లకుండా, గది కిరాయి దండగనుకుని తెల్లవారి ఐదున్నర ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. నాలుగింటికే లేచానేమో, కళ్లు మండుతున్నాయి. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్. కండక్టర్ బొంగు వైపు చూశాడు.

"మేడమ్, మీకైతే ఫ్రీ. మరి దీనికేం కొట్టాలె?"

"అదీ ఆడపిల్లల కాలేజీదే బాబూ."

"గట్లనా! అయితే కూసోనియ్యండి."

జూలూరుపాడులో పది రూపాయల టీ తాగినా మత్తు వదల్లేదు. కొత్తగూడెం దాటాక నడుము పట్టేసింది. తొమ్మిదిన్నరకు దిగి, ఆటోకు ముప్పై ఇచ్చి మైదానం చేరేసరికి సోమమ్మ గేటు దగ్గరే నిలబడి ఉంది. కూతురి ఆట చూడడం ఆమెకు ఇదే మొదటిసారి.

"చేన్ల పందులు పడుతున్నయ్ మేడమ్. రెండు రాత్రులు కావలున్న. ఇయ్యాల పక్కింటోళ్లకు అప్పజెప్పి వచ్చిన. బిడ్డకు ఇదే ఆఖరి ఏడు గదా!"

నిజమే, గెలిస్తేనే నాగమణికి పై పోటీలు, లేదంటే కాలేజీ ఆట ఇక్కడితో సరి. బొంగు ఆమె చేతికిచ్చాను. ఒక్క మాట చెప్పాల్సింది. ఖోఖోలో తరిమే అమ్మాయి వెనక నుంచి తట్టి "ఖో" అంటేనే కూర్చున్న అమ్మాయి లేవాలి. ఆ కేక వినపడాలి కాబట్టి, ఆట ఆగినప్పుడే బొంగు మోగించడం మా పద్ధతి. చెబుదామనుకుంటూ మెట్ల మీద గోడకు ఆనుకున్నాను. అంతే, కునుకు పట్టేసింది.

టపటపా చప్పుడుకు ఉలిక్కిపడి లేచాను. సోమమ్మ ఒళ్లు మరిచి కొడుతోంది. కింద మా పిల్లలు ఖో వినపడక అంచనాతో ముందే లేస్తున్నారు, ఫౌల్ మీద ఫౌల్. అవతలి జట్టులో పరిగెత్తేవాళ్లు హాయిగా తప్పించుకుంటున్నారు. నాగమణి చెవి దగ్గర చెయ్యి పెట్టి నా వైపు సైగ చేసింది. ఉరికినట్టే వెళ్లి బొంగు పట్టుకుని చెవిలో సంగతి చెప్పాను.

"అయ్యో! చేనుకాడ ఎంత మోగితే అంత మంచిది," అంటూ సోమమ్మ బొంగును కొంగులో చుట్టేసింది. మిగతా ఆటంతా దాన్ని కదలనివ్వలేదు.

రెండు పాయింట్ల తేడాతో ఓడిపోయాం.

"నా వల్లనేనా మేడమ్?"

"కాదు సోమమ్మా, నా వల్ల. చెప్పాల్సిన మనిషిని నిద్రపోయాను."

ఆమె నమ్మినట్టు లేదు. నాగమణి మోకాళ్ల నిండా దుమ్ముతో వచ్చింది. తిడుతుందనుకున్నాను. తను మాత్రం తల్లి కొంగులోంచి బొంగు తీసి ఆమె చేతుల్లోనే పెట్టింది.

"ఇగ ఖో లేదమ్మా. నువ్ ఎంత కొడితే గంత వింట. కొట్టు."

సోమమ్మ ఏడుస్తూనే కొట్టింది.

మెస్‌లో వంద రూపాయల భోజనం సగం కూడా సహించలేదు. మూడింటి బస్సులో తిరిగొస్తుంటే ఒళ్లంతా పచ్చిపుండులా ఉన్నా కన్ను మూతపడలేదు. ఓటమి పిల్లలు మరిచిపోతారు. రెండు రాత్రులు మేలుకుని కూడా సోమమ్మ రెప్ప వాల్చలేదు, నేను ఒక్క రాత్రికే తూలాను. నాకు సిగ్గుగా ఉంది.

ఇక మీకు పనికొచ్చే మాట ఒక్కటి. భద్రాచలంలో పొద్దున్నే పని ఉంటే ముందురోజే చేరుకోండి. ఆరువందలకు శుభ్రమైన గది దొరుకుతుంది. ఆ ఆరువందలు నేను మిగుల్చుకున్నాను, దాని ఖరీదు నాగమణి కట్టింది.