యాదగిరన్న ఈల

కరోనా భయం తగ్గి జనం మాస్కులు తీసేసిన ఏడాది అది. బోయిగూడలో మా డెంటల్ క్లినిక్ మెట్లెక్కి వచ్చిన యాదగిరన్న మాత్రం ఇంకా తీయలేదు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా రిటైరైన మనిషి. మాస్కు దించితే, మిగిలిన ముందు పళ్ళు బాగా ఎత్తుగా, కదులుతూ కనిపించాయి. వర్క్‌షాపులో అందరూ ఆయన్ని "పండ్ల యాదగిరి" అనేవారట. పెళ్ళి ఫోటోలో కూడా నోరు బిగించుకునే ఉన్నానని చెప్పాడు. మాస్కుల కాలమే హాయిగా గడిచిందంటే నాకు జాలేసింది.

ఉన్నవి తీసేసి కంప్లీట్ డెంచర్, అంటే మొత్తం పళ్ళ సెట్టు పెట్టాలి. పాత వరసలాగే ఉంచనా, సరిచేయనా అని అడిగాను.

"పాతయి వద్దే వద్దు డాక్టరమ్మా. సీదా పెట్టుండ్రి. జెర అందరి లెక్క కనిపిస్త."

చిగుళ్ళు మానాక అలాగే చేసిచ్చాను. అద్దం చేతికిస్తే ఎంతసేపు చూసుకున్నాడో! పెళ్ళికొడుకులా ఉన్నావన్నా అని ఆటపట్టించాను. మాస్కును మా చెత్తబుట్టలోనే పడేసి వెళ్ళాడు. ఆ రోజంతా నాకూ సంతోషమే.

వారం తిరక్కుండా మళ్ళీ వచ్చాడు. సెట్టు జేబులో ఉంది, మొహం వాడిపోయి ఉంది. ఎక్కడైనా ఒరుసుకుంటోందా అంటే కాదన్నాడు. సంగతి మెల్లగా బయటపడింది. ఆయన మిద్దె మీద పావురాలు పెంచుతాడు. సాయంత్రాలు ఎగరేసి, ఈలవేసి దించుకుంటాడు. చిగుళ్ళు మానేదాకా వాటిని గూట్లోంచి వదల్లేదు. కొత్త పళ్ళొచ్చాక వదిలి ఈల వేయబోతే ఉత్త గాలే వచ్చింది. ఆ ఈల ఎత్తుపళ్ళ వల్లే పలుకుతోందని ఇన్నేళ్ళూ ఆయనకే తెలియదు! పావురాలాటలో ఒక కట్టుబాటుందట: పరాయి మిద్దె మీద వాలిన పావురం ఆ మిద్దెవాడిదే. అప్పటికే రెండు పోయాయి.

"మీదనే తిరుగుతున్నయమ్మా, దిగుతలేవు. అద్దంల మంచిగనే ఉన్న. గని వాటికి నేనెవరో తెలుస్తలేదు."

ఆ సెట్టు ఇలా ఇమ్మని చెయ్యి చాపాను.

మళ్ళీ మొదలుపెట్టాం. సెట్టు గట్టిపరిచే ముందు ట్రయల్ అని ఒకటుంటుంది. పళ్ళను మైనం మీద అమర్చి, నోట్లో పెట్టి చూస్తాం. ఆ రోజు అందరూ అద్దం అడుగుతారు. ఈయన్ని నేను ఈల వేయమన్నాను. రాలేదు. ముందు పళ్ళు కొంచెం బయటికి జరిపాను. బుస్సుమంది. ఇంకొంచెం జరిపి ఆగిపోయాను. ఆయన బతుకంతా దాచుకున్న నోటినే నేను మళ్ళీ తయారుచేస్తున్నాను.

"పాత మొహమే వస్తుందన్నా. ఫర్వాలేదా?"

కిటికీలోంచి ఆకాశం వైపు చూశాడు. తర్వాత "కానియ్యుండ్రి" అన్నాడు.

ఈసారి ఈల క్లినిక్కంతా మోగింది. బయట బెంచీ మీదివాళ్ళు లేచి నిలబడ్డారు. నేను అద్దం ఇవ్వబోతే చేత్తో పక్కకు జరిపాడు.

"గదెందుకమ్మా? మిద్దె మీదనే చూసుకుంట."

సెట్టు తీసుకెళ్ళిన సాయంత్రం ఫోన్ చేశాడు. ఒక్క మాటా లేదు. ముందు ఈల, కాసేపటికి రెక్కల చప్పుడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు.

మనిషి తన్ను తాను చూసుకునేది అద్దంలోనే అనుకునేదాన్ని. ఇప్పటికీ ట్రయల్ రోజున అద్దం ఇస్తాను. కానీ ముందుగా ఒకటి అడుగుతాను: ఈ నోటితో మీరు ఎవరిని పిలుస్తారు?