రత్తమ్మకు చదివి వినిపించిన పేజీ

ఈ మాట ఇన్నేళ్ళుగా గొంతులోనే ఉండిపోయింది. చెబితే నన్ను ఏ కళ్ళతో చూస్తారోనని భయం. నేనెవరో మీకు తెలియదు, మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెబుతున్నాను.

డెబ్బయ్యో దశకం మొదట్లో మేము రేపల్లె పక్కనున్న ఒక పల్లె చివర ఉండేవాళ్ళం. నేను రోజూ రైల్లో తెనాలి వెళ్ళి, బడిలో పాఠాలు చెప్పి సాయంత్రానికి తిరిగి వచ్చేదాన్ని. మా పెరటి గోడ అవతల రత్తమ్మ పందుల దొడ్డి. భర్త పోయాక ఆ పది పన్నెండు పందులే ఆమెకు ఆధారం. గాలి ఇటు తిరిగితే మేము అన్నం ముందు కూర్చోలేకపోయేవాళ్ళం. ఒకరోజు స్టాఫ్ రూములో నేను కూర్చోగానే పక్కనున్నావిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "ఏంటండీ, దొడ్డి మీదుగా వచ్చారా?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి రాగానే ఆ చీర రెండుసార్లు ఉతికాను.

మా వీధివాళ్ళు పంచాయతీకి అర్జీ పెట్టారు. వానలు పడేలోగా కంపు తగ్గించకపోతే దొడ్డి ఎత్తేయాలని పంచాయతీవాళ్ళు రత్తమ్మకు చెప్పారు. ఆమె ఊరుకోలేదు. బాపట్ల దాకా వెళ్ళి ఎవరెవరినో అడిగి, పెంట కంపు కొట్టకుండా ఎలా మాగబెట్టాలో అచ్చువేసిన చిన్న పుస్తకం తెచ్చుకుంది. ఆమెకు చదువు రాదు. చదివి పెట్టమని మా ఇంటికే వచ్చింది. మా ఇంటికే! అర్జీ మీద నా సంతకం కూడా ఉందని ఆమెకు తెలియదు.

అరుగు మీద కూర్చుని చదివాను. మెరక మీద గొయ్యి తవ్వాలి. పెంట ఒక వరస, ఎండు ఊక ఒక వరస, పైన బూడిద. అంతా ఉన్నది ఉన్నట్టే చదివాను. నాలుగో పేజీలో, గోతిలోకి చుక్క నీరు కూడా చేరనివ్వకూడదు, తడిస్తే కుళ్ళి కంపు రెట్టింపవుతుంది అని ఉంది. అక్కడ ఆగాను. ఇలా చేస్తే కంపు తగ్గుతుంది. తగ్గితే ఈమె ఎప్పటికీ ఇక్కడే ఉంటుంది. ఆ ఆలోచన ఎంతసేపు పట్టింది? పేజీ తిప్పినంతసేపు కూడా కాదు. "రోజూ నాలుగు కడవల నీళ్ళు పోసి మూత వేయాలి" అని చదివాను. పిల్లలకు పాఠం చెప్పే గొంతుతోనే చదివాను.

గొయ్యి తవ్విన రోజు నుంచే ఆమె కాలవ నీళ్ళు మోయడం మొదలుపెట్టింది. మా వంటింటి కిటికీలోంచి కనిపించేది. పది రోజులకల్లా గొయ్యి నల్లబడింది. మూత తీస్తే లోపల బుడగలు లేస్తున్నాయని చెప్పుకున్నారు. ఈగలు ముసిరాయి. కంపు మా బావి దగ్గరికి, పడకగదిలోకి, నా చీరల పెట్టెలోకి వచ్చింది. పోసింది చాలలేదేమోనని ఆమె నాలుగు కడవలు ఆరు చేసింది. నేను కిటికీ మూసుకున్నాను. గోడ దాకా వెళ్ళి, ఆపు రత్తమ్మా అంటే సరిపోయేది. ఎందుకు అనలేదు? రేపు చెబుదాంలే అని రోజూ అనుకునేదాన్ని. నిజానికి నేను వానల కోసం ఎదురు చూస్తున్నాను.

మబ్బులు పట్టిన రోజున పంచాయతీవాళ్ళు వచ్చారు. గొయ్యి దగ్గర నిలబడలేక ముక్కులు మూసుకుని వెనక్కి వచ్చేసి, దొడ్డి ఎత్తేయమన్నారు. పందుల్ని అయినకాడికి అమ్మేసి, చెరుకుపల్లిలో అక్క ఇంటికి వెళ్ళిపోతూ రత్తమ్మ నాకు చెప్పిపోవడానికి వచ్చింది.

"మీరు చదివినట్టే చేశానమ్మా. ఒక్క పూట కూడా తప్పలేదండి. నా చేతిలోనే ఏదో లోపం ఉంది."

"నీ లోపం ఏమీ లేదు రత్తమ్మా," అన్నాను.

"మీరు మంచోళ్ళు కాబట్టి అట్టా అంటన్నారు. వస్తానమ్మా."

చెరుకుపల్లి ఎంత దూరం? బస్సెక్కితే చాలు. ఎక్కలేదు. చాలా ఏళ్ళ తరవాత అటునుంచి వచ్చినవాళ్ళు చెప్పారు, రత్తమ్మ పోయిందని. బతికున్నన్నాళ్ళూ కూలికి వెళ్ళిందట. మళ్ళీ ఒక కోడినైనా పెంచలేదట. ఎవరైనా కోడిపిల్లను ఇస్తామన్నా, నా చేతికి అచ్చిరాదు అనేదట.

ఆమె చేతిలో ఏ లోపమూ లేదు. నేను తప్పు చదివాను. కావాలనే చదివాను. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, అడగాల్సిన మనిషి ఇక లేదు. ఇది రాశాక కాస్త ఊపిరి ఆడుతోంది. ఆ కాస్తా కూడా నాకు దక్కాల్సింది కాదేమో.