పద్నాలుగు కిలోలు

ఆ రోజు నేను తూకం పట్టికలో అబద్ధం రాశాను. అది బయటపడే వేళకు నోరు మూసుకున్నాను. రెండోదే పెద్ద తప్పు. నిజామాబాద్‌లో ఎవరైనా మిలిటరీ ముచ్చట చెప్పమంటే మంచు గురించి, చలి గురించి చెప్పేవాణ్ణి. ఇది మాత్రం దాటేసేవాణ్ణి.

హిమాలయాల్లో ఒక చిన్న విమానాశ్రయానికి నన్ను హవల్దారుగా పంపారు. అక్టోబరు రెండో వారం. ఉదయం ఏడూ పదికి దిగాం. మైనస్ నాలుగు డిగ్రీలు. ఎత్తు పదివేల అడుగుల పైమాట. మెట్లు దిగి పది అడుగులు వేసేసరికి ఊపిరి అందలేదు. రెండు రోజులు మంచం దిగవద్దని ఆర్డరు.

ఆ రన్‌వే కథ మా వంటవాడు చెప్పాడు. అతను అక్కడికి రావడం అది మూడోసారి. మొదట అదంతా రాళ్ల మైదానమట. జవాన్లు, ఊరివాళ్లు కలిసి పారలతో, గంపలతో రాళ్లు ఏరి చదును చేశారట. ముందు మట్టి, తర్వాత ఇనుప పలకలు, ఆపైన తారు. చాలా ఏళ్లకు ఒక పక్క రేకుల షెడ్డు వేసి మామూలు ప్రయాణికుల విమానాలను కూడా రానిచ్చారు. నేనున్నప్పుడు ఆ షెడ్డే. మూడు వైపులా కొండలు. విమానం వచ్చేదీ పోయేదీ నాలుగో వైపు నుంచే.

పదకొండు దాటితే లోయలో గాలి లేస్తుంది. ఇక ఆ రోజుకు విమానం లేదు. పైగా ఎండ ఎక్కేకొద్దీ పల్చటి గాలి ఇంకా పల్చబడుతుంది. ఏడింటికి మోసే బరువును విమానం పదింటికి మోయలేదు. అందుకే కిలో కిలో లెక్క. సెలవు మీద వెళ్లే జవాన్ల జాబితా రాయడం, మనుషుల్నీ సామాన్నీ తూచడం నా పని.

తూకం దగ్గర పనిచేసే మాలో ఒక చెడ్డ వాడుక ఉండేది. ఇంటికి పంపే మూటను పట్టికలో రాయకుండా టపా సంచిలో పెట్టి సీలు వేసేవాళ్లం. రెండు కిలోలు, మూడు కిలోలు. కింది స్టేషన్‌లో తెలిసినవాడు తీసి రైల్లో వేసేవాడు. ఫిబ్రవరిలో నేను పద్నాలుగు కిలోలు పెట్టాను. ఎండబెట్టిన ఖుబానీ పళ్లు, ఆ కొండల్లో పండేవి. నందిపేట్‌లో మా కొత్త ఇంటి గృహప్రవేశం దగ్గర పడింది. వచ్చినవాళ్లందరికీ దోసెడు పెట్టి, మిలిటరీ మనిషి ఇల్లు అనిపించుకోవాలని నా గొప్ప.

అదే రోజు సాయంత్రం మా లైన్‌మన్ వచ్చాడు. టెలిఫోను తీగలు వేసే జవాను. బోధన్ వాడు. ఊళ్లు దగ్గర కాబట్టి నన్ను అన్నా అనేవాడు.

"అన్నా, అక్కకు సీరియస్ ఉన్నదట. నిజామాబాద్ దవఖానల ఏసిండ్రు. నన్నే అడుగుతున్నదట."

అతనికి తల్లీతండ్రీ లేరు. ఆ అక్కే బీడీలు చుట్టి పెంచింది.

"పేరు రాసిన తీ. పొద్దుగాల ఆరింటికి రా."

"నీ కాల్మొక్కుత అన్నా."

"కాళ్లు తర్వాత మొక్కు. ముందుగాల గడ్డం గీక్కో. ఎలుగుబంటి అనుకుంటది మీ అక్క."

నవ్వాడు. పొద్దున్న నున్నగా గీసుకుని వచ్చాడు. చలికి బ్లేడు జారి గదవ మీద తెగింది. భుజాన ఆరు కిలోల సంచి. అంతే.

రన్‌వే మీద మంచు గీకడం ఆలస్యమైంది. ఏడింటికి రావలసిన విమానం తొమ్మిదీ పదికి వచ్చింది. ఎండ ఎక్కింది కాబట్టి మోసే బరువు తగ్గించారు. పట్టిక ప్రకారం అందరికీ చోటుంది. అందరూ ఎక్కారు. అప్పుడు విమానంలో బరువు చూసే వైమానిక దళం లోడ్‌మాస్టర్‌కు ఏం తోచిందో, టపా సంచులు మళ్లీ తూకం మీద పెట్టించాడు.

"హవల్దార్ సాబ్, నువ్వు ఇరవై ఆరు రాశావు. ఇక్కడ నలభై ఉంది."

మా కెప్టెన్ సాబ్ పక్కనే ఉన్నారు. వైర్‌లెస్‌లో టవర్ పిలిచింది. "ఇవాళ గాలి ముందే లేస్తోంది. పన్నెండు నిమిషాలే."

టపా సీలు విప్పకూడదు. మిగతా సామాను వల కింద బిగించి ఉంది. లైన్‌మన్ సంచి ఒక్కటి దింపితే చాలదు.

"జాబితాలో ఆఖరున ఎవరు?" కెప్టెన్ సాబ్ అడిగారు.

మూట ఏ సంచిలో ఉందో నాకు తెలుసు. చెయ్యి చాపితే అందేది. 'సాబ్, అది నాది' అంటే అయిపోయేది. చేతి మీది హవల్దారు పట్టీలు పోతాయని భయపడ్డాను. జాబితా చూసి లైన్‌మన్ పేరు చదివాను.

అతను బెల్టు విప్పి దిగాడు.

"రేపున్నది గదన్నా," అన్నాడు.

"రేపు మొదటి పేరు నీదే."

మధ్యాహ్నానికి మంచు మొదలైంది. మూడు రోజులు విమానం లేదు. లైన్‌మన్ మాటిమాటికీ బంకర్ బయటికి వెళ్లి ఆకాశం చూసేవాడు.

"నువ్వు చూస్తే మబ్బు సిగ్గుపడి పోతుందా? వచ్చి చాయ్ తాగు," అని వంటవాడు లోపలికి లాక్కొచ్చేవాడు.

రెండో రోజు నాలుగు గంటలకు వైర్‌లెస్ ఆపరేటర్ నా చేతికి కాగితం ఇచ్చాడు. "నీ భాషవాడు. నువ్వే చెప్పు."

అక్క పోయిందని చెప్పాను. అతను కింద కూర్చున్నాడు. కాసేపటికి నా ముఖం చూసి, నన్నే ఓదార్చాడు. "నువ్వేం జేస్తవన్నా. తూకం గట్లొచ్చింది."

అప్పుడూ నేను చెప్పలేదు.

సెలవు మీద ఇంటికొచ్చాను, గృహప్రవేశం జరిగింది. "ఊరందరికి పెడ్తివి, నువ్వొక్కటన్న నోట్లె ఏసుకోవా?" అంది నా భార్య. పళ్లు నొస్తున్నాయన్నాను.

పెన్షన్ మీద ఇంటికొచ్చాక రెండేళ్లు ఆగాను. తర్వాత జరిగిందంతా నా సంతకంతో యూనిట్‌కు ఉత్తరం రాసి పోస్టు చేసి, అటునుంచే బోధన్ బస్సెక్కాను. చెరకు ట్రాక్టర్ల వెనక బస్సు నెమ్మదిగా పోయింది. లైన్‌మన్ కూడా పటాలం విడిచి వచ్చేశాడు. అక్క బిడ్డ అతని దగ్గరే ఉంటోంది. వసారాలో ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది.

"ఏందన్నా, తొవ్వ మర్శినవనుకున్న," అని కుర్చీ వేశాడు. నేను కూర్చోలేదు.

"తమ్మీ, గా టపా సంచిల నా మూట ఉండె. నేను నోరు తెరిస్తే నువ్వు ఎక్కుతుంటివి."

కుర్చీ మీది నుంచి చెయ్యి తీశాడు. "ఏముండె మూటల?"

"ఖుబానీలు."

"ఖుబానీలు," అన్నాడు. మళ్లీ అదే మాట అన్నాడు. "ఇన్నేండ్లు నేనేమనుకున్ననో ఎర్కనా నీకు? గడ్డం గీక్కుంట ఆలిశం జేసిన, లైన్ల ఎనుక నిలవడ్డ, గందుకే నా పేరు ఆఖరున వడ్డదనుకున్న. నన్ను నేనే తిట్టుకున్న."

అక్క బిడ్డ తల ఎత్తకుండా అంది. "అమ్మ ఆఖరి రెండు దినాలు ఉత్త చేతుల్తోని బీడీలు చుట్టింది. మామ వచ్చేసరికి వెయ్యి గావాలె అన్నది."

నేను చూడనిది అది. అయినా కళ్లు మూసుకుంటే మొదట అదే కనిపిస్తుంది. దవఖాన మంచం, ఆకూ తంబాకూ లేకుండా ఆడుతున్న పది వేళ్లు.

"పో, ఇంటికి పో," అన్నాడు లైన్‌మన్. వచ్చేశాను.

యూనిట్ నుంచి జవాబు రాలేదు. మా జిల్లాకు విమానాశ్రయం వస్తుందని ఏళ్లుగా వింటున్నాం. వచ్చేదాకా మావాళ్లు హైదరాబాద్‌లో దిగాల్సిందే. అక్కడి నుంచి ఇంకో నాలుగైదు గంటల దారి. పాత కారు ఒకటి కొన్నాను. తెలిసిన యూనిట్లన్నింటికీ నా నంబరు పంపాను. ఆపద సెలవు మీద మా జిల్లా జవాను ఎవరు దిగినా గేటు దగ్గర నేనుంటానని రాశాను. లైన్‌మన్‌కు కూడా ఒక కార్డు ముక్క రాశాను. ఇప్పటికి తొమ్మిది మందిని తెచ్చాను. ఇద్దరి విషయంలో ఆలస్యమైపోయింది. ఆ ఇద్దరితో పాటు కాటిదాకా వెళ్లాను.

మొన్న లైన్‌మన్ ఫోన్ చేశాడు. బోధన్ వెళ్లొచ్చాక అతని గొంతు వినడం అదే మొదలు. పలకరింపు లేదు.

"చందూర్ ఊరి పిల్లగాడు, జవాను. వాళ్లమ్మకు బాగలేదు. రేపు పొద్దుగాల పదింటి ఇమానం. పోతవా?"

"పోత."

ఫోన్ పెట్టేశాడు. మర్నాడు ఏడున్నరకే హైదరాబాద్ విమానాశ్రయం గేటు ముందు ఉన్నాను.