ట్విచెల్ అయ్యగారి కవర్లు

రెవరెండ్ ఆల్ఫియస్ ట్విచెల్ అయ్యగారికి ఉన్నది ఒకటే పిచ్చి: మనిషి బతికుండగానే ఆ మనిషి అంత్యక్రియల ప్రసంగం సిద్ధం చేసి పెట్టుకోవడం. అమెరికాలో, వెర్మాంట్ రాష్ట్రంలోని మా ఊళ్లో ఉన్నది నాలుగు వందల పన్నెండు మంది. ఆయన పెట్టెలో ఉన్నవీ నాలుగు వందల పన్నెండు కవర్లే. పంతొమ్మిదేళ్లు ఆ ఇంట్లో వంటచేసి, వాటి దుమ్ము దులిపినదాన్ని నేనే.

పోయినవాళ్ల గురించి అబద్ధమాడకూడదని ఆయన నియమం. అందుకని ఎవరిలో మంచి కనిపించినా అక్కడికక్కడే ఏ విత్తనాల పొట్లం మీదో రాసేసి, వాళ్ల కవర్లో వేసేవారు. ఒకసారి కమ్మరి హైరమ్ లాడం కొడుతూ, బెదిరిన గుర్రాన్ని బుజ్జగించాడు. అయ్యగారి పెన్సిలు బయటికొచ్చింది.

"అయ్యగారూ, నేనింకా బతికే ఉన్నానండీ!"

"తొందరేం లేదు హైరమ్, నీ వీలు చూసుకునే."

మా యూనివర్సలిస్టు చర్చిలో నరకం లేదు. దేవుడు చివరికి అందర్నీ చేర్చుకుంటాడు. ఎదుటి చర్చి పెద్ద, డీకన్ జోతమ్ పీస్లీకి మాత్రం నరకం లేకపోతే పూట గడవదు. "నరకానికి ముందు పోయేది ఆ ట్విచెలే!" అని ప్రతి ఆదివారం మెట్లమీద నిలబడి అరిచేవాడు. అయ్యగారు కిటికీలోంచి విని, "గొంతు బాగుంది" అని రాసుకున్నారు.

డీకన్ తమ్ముడు జోయెల్ తాగుబోతు. అన్న గడప తొక్కనివ్వకపోతే మా వంటింట్లో పొయ్యి పక్కన కూర్చుని కబుర్లు చెప్పేవాడు. మార్చిలో తాగి వాగులో పడి చనిపోయాడు. అలాంటివాడికి ప్రార్థన చెయ్యనన్నాడు వాళ్ల పాస్టరు. ఒక్క మంచి మాటైనా లేకుండా తమ్ముణ్ణి పూడ్చాల్సి వచ్చేసరికి డీకన్ రోడ్డు దాటాడు. టోపీ తీసి మా గుమ్మంలో నిలబడ్డాడు.

"మావాడి గురించి నాలుగు ముక్కలు చెప్పండి. ఉంటేనే."

"లవీనా, కవరు పట్రామ్మా."

"జో. పీస్లీ" అన్న కవరు తెచ్చిచ్చాను. జోతమ్ కూడా "జో"యేనని నాకు తట్టలేదు.

శవపేటిక ముందు అయ్యగారు చదివారు. "విధవరాలి గుమ్మంలో ఎవరూ చూడకుండా కట్టెలు పెట్టిపోయాడు. తల్లి మంచాన పడితే ఆరేళ్లు ఆమెకు తనే జడ వేశాడు." డీకన్ ముఖం ఉడికించిన బీట్‌రూట్‌లా అయింది. జోయెల్‌కి తన బూటు లేసు కట్టుకోవడమే రాదు. నేను తెచ్చింది డీకన్ కవరని అప్పుడర్థమైంది.

అయ్యగారు ఆగారు. కవరు మీద పేరు చూశారు. నన్నూ చూశారు.

"ఇవి చేసింది జోయెల్ కాదు. చెప్పింది జోయెల్," అన్నారు తాపీగా. "తాగినప్పుడల్లా మా వంటింట్లో కూర్చుని వాళ్లన్నయ్య గురించి చెప్పినవే ఇవన్నీ. మొహమ్మీద తలుపేసిన రోజు కూడా చెప్పాడు. అతనిలో నేను చూసిన మంచి అదే."

తర్వాత అసలు కవరు వెతికాను. అందులో ఒక్కటే చీటీ: "తాగితే అన్నను పొగుడుతాడు. ఆపడం కష్టం."

శ్మశానం గేటు దగ్గర డీకన్ ముక్కు చీదుకున్నాడు. "నరకం ఉంది. ఆ విషయంలో నేను తగ్గను." టోపీ పెట్టుకున్నాడు. "మావాడు మాత్రం అందులో లేడు."

అయ్యగారి పెన్సిలు బయటికొచ్చింది.

"నేనింకా బతికే ఉన్నానయ్యా!"

"తొందరేం లేదు డీకన్ గారూ," అన్నారు అయ్యగారు రాసుకుంటూనే. "మీ కవర్లో ఇంకా బోలెడు చోటుంది."