గడ్డానికి తగిన వేషం

బర్మాలో, పజుండౌంగ్‌లోని మా వీధికి టెలివిజన్ నటుడు ఒక్కడే. తమిళుల బిడ్డ. తెలుగువాళ్ల మధ్య పుట్టి పెరిగినందువల్ల మా యాస మాకంటే బాగా పలికేవాడు. బర్మీసు అంతకంటే బాగా మాట్లాడేవాడు. అయినా ప్రభుత్వ టెలివిజన్ నాటకాలలో ఆ భాషను చక్కగా మాట్లాడే అవకాశం అతనికి ఎన్నడూ రాలేదు. పల్లీలమ్మేవాడు, పాలవాడు, గోదాము కాపలావాడు. వేషం ఏదైనా తలగుడ్డ ఒకటే, వంకర బర్మీసు ఒకటే. భాషను చెడగొట్టి మాట్లాడమని దర్శకులు పనిగట్టుకుని చెప్పేవారు. చెడగొట్టడంలో అతను చూపిన శ్రద్ధను బాగుచేయడంలో నా విద్యార్థులు చూపి ఉంటే నేను మరింత సంతృప్తితో ఉద్యోగ విరమణ చేసి ఉండేవాణ్ణి.

అతని తల్లికి ఒకే కోరిక ఉండేది. కొడుకు ఒక్కసారైనా బర్మీసు పేరున్న వేషంలో కనబడాలి. బజారులో తనను పల్లీలవాడి తల్లి అంటున్నారని ఆమె బాధ.

నేను అప్పట్లో అమ్మవారి గుడికి కార్యదర్శిని. ఉత్సవాల ముందు ఒక సాయంత్రం అతను పరుగెత్తుకుంటూ వచ్చాడు.

“సయాగారూ! వేసం వొచ్చిందండి! డాట్రు! బర్మా డాట్రు! పేరు కూడా ఉందండి!”

సయా అంటే బర్మీసులో గురువు. దానికి ‘గారు’ తగిలించి నన్ను మొదట పిలిచినవాడు ఇతనే. తరువాత వీధంతా అదే పిలుపు.

“సంతోషం” అన్నాను.

“ఒక్కటే సిక్కండి. గెడ్డం గీసుకోమంటన్నారు.”

“చేయి చూపించు.”

చూపించాడు. మణికట్టున పసుపు కంకణం. ఆదివారంనాడు నా ఎదుటే పూజారి కట్టినది. అది కట్టుకున్నవాడు నిప్పుల గుండం తొక్కేవరకు గడ్డం గీయరాదు, చెప్పులు తొడగరాదు, కంకణం విప్పరాదు.

లోపలినుంచి నా భార్య అందుకుంది. “అమ్మోరికి గెడ్డాలు సూడ్డమే పనేటండీ?”

“అమ్మవారికి కాకపోవచ్చు. కార్యదర్శికి పనే.”

అతని ముఖం చూస్తే జాలి కలిగింది. నియమం సడలించడం నా చేతిలో లేదు కాని, దానిని అవతలివారికి మర్యాదగా వివరించడం నా చేతిలో ఉంది. మరునాడు అతనితో కలిసి స్టూడియోకు బయలుదేరాను. బస్సులో అతని ఉత్తకాళ్లను తొక్కనివారు లేరు. గుండానికి ఇది అభ్యాసం అనుకోమని ధైర్యం చెప్పాను.

దర్శకుడు బర్మీసాయన. ఇస్త్రీ చొక్కా, మడత నలగని లుంగీ, బల్లమీద ఎత్తుల వారీగా పేర్చిన పెన్సిళ్లు. చూడగానే గౌరవం కలిగింది.

“ప్రసారానికి ముందు పైవాళ్లు చూస్తారు. ప్రభుత్వ వైద్యుడు గడ్డం ఎందుకు గీసుకోలేదని అడుగుతారు. నేనేం చెప్పాలి?” అన్నాడాయన.

“తమరన్నది న్యాయం. ప్రభుత్వ వైద్యుడు గీసుకునే ఉండాలి” అన్నాను.

నటుడు నా చెవిలో తెలుగులో గొణిగాడు. “సయాగారూ, మీరు నా తరపున వొచ్చారా, ఆయన తరపునా?”

నేను మా నియమాన్ని కూడా ఆదినుంచి వివరించాను. దర్శకుడు చేతులు కట్టుకుని విన్నాడు. ఇంత గట్టి నియమం తమ స్టూడియోలో లేదని మెచ్చుకున్నాడు. ఇద్దరమూ ఒకరినొకరు ఎంతో గౌరవించుకున్నాం. నటుడు మాత్రం ఏడుపు ముఖంతో నిలబడ్డాడు.

చివరకు దర్శకుడు స్క్రిప్టు తిరగేశాడు. “ఈ నాటకంలో గడ్డం ఉండదగినవాడు ఒక్కడే. నది అవతలి దలా నుంచి పడవలో తెచ్చిన జాలరి. గాయపడి మంచంమీద ఉంటాడు కనుక చెప్పులక్కర్లేదు. కంకణం కట్టుకింద దాగుతుంది.” అతని ముఖంవైపు చాలాసేపు చూశాడు. “ముఖం కూడా దాగితే మంచిది.”

“బర్మా జాలరేనా సార్? పేరుందా?”

“పేరుంది. మాట్లాడడానికి మాటలూ ఉన్నాయి.”

“అయితే కట్టండి సార్! కాళ్లదాకా కట్టండి!”

రికార్డింగు అయింది. ఉత్సవమూ అయింది. అతను గుండం తొక్కి, కంకణం విప్పించుకుని, నున్నగా గడ్డం గీయించుకున్న తరువాతనే నాటకం ప్రసారమైంది.

వీధిలో టెలివిజన్ ఉన్నది మా ఇంట్లోనే. ఓడలలో పనిచేసే మా అల్లుడు తెచ్చినది. చెప్పులు బయట జతలుగా, పిల్లలు ముందు, స్త్రీలు చాపమీద, పెద్దలు కుర్చీలలో. ఇదీ నా ఏర్పాటు. ఆ రోజు మంచి కుర్చీని పేటకు కొత్తగా వచ్చిన బర్మీసు అధికారికి ఇచ్చాను. ఇవ్వకపోయినా కూర్చునేవాడు. నటుడు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. బర్మీసు స్త్రీలలా లుంగీ కట్టి, తలకు తువ్వాలు చుట్టుకున్న అతని తల్లి చాపమీద ఉంది.

తెరమీదికి మంచం వచ్చింది. మంచంమీద తెల్లగుడ్డల మూట. అందులోంచి రెండు కళ్లు, ఒక నోరు, గుప్పెడు గడ్డం.

“డాక్టరుగారూ, నా పడవ ఎవరైనా కట్టేశారా? పోటు వస్తోంది” అంది మూట, అచ్చమైన దలా యాసలో.

“ఇతనేటి, మనోడేటి?” అని చాపమీద గుసగుసలు మొదలయ్యాయి.

“మనోడైతే తలగుడ్డేదీ?”

“ఒల్లంతా తలగుడ్డే కదేటి!”

“నోర్ముయ్యండి. నా కొడుకే” అంది తల్లి, కళ్లు తుడుచుకుంటూ.

అధికారి కుర్చీలో ముందుకు వంగాడు. “ఆ యాస నటులకు రాదు. నిజమైన జాలరినే పట్టుకొచ్చి ఉంటారు” అన్నాడు బర్మీసులో.

నటుడు ముందుకు వచ్చి, చక్కని బర్మీసులో, “అయ్యా, అది నేనే” అన్నాడు.

అధికారి అతన్ని ఎగాదిగా చూసి కడుపుబ్బ నవ్వాడు. “నువ్వా! నీకు బర్మీసే సరిగా రాదు కదయ్యా! ప్రతి నాటకంలో వింటూనే ఉన్నాను. ఇప్పుడిప్పుడే కాస్త నేర్చుకుంటున్నట్టున్నావు.”

సత్యం స్థాపించడానికి నేను లేచాను. నటుడు నా చేయి పట్టుకు లాగాడు.

“వొద్దండి సయాగారూ! సెప్పకండి! నమ్మలేదు, సూసారా? నమ్మలేదండి!” ఆనందంతో నా చేయి ఊపేస్తున్నాడు.

“నమ్మకపోతే నాకేటిరా లాబం? బజార్లో ఎవులికి సెప్పుకోను?” అని తల్లి లేచింది. తిన్నగా అధికారి ముందుకు వెళ్లి, బర్మీసులో, తెరవైపు వేలు చూపిస్తూ చెప్పింది. “ఆ జాలరి నా కొడుకు.”

అధికారి చప్పున లేచాడు. తన కుర్చీని రెండు చేతులతో ఆమెవైపు జరిపి, ఈ వయసులో దలా నుంచి నది దాటి ఎలా రాగలిగావమ్మా అని ఎంతో వినయంగా అడిగాడు.

ఆమె ఒకసారి కొడుకువైపు చూసింది. తరువాత కుర్చీలో కుదురుగా కూర్చుని, నదిలో పోటు ఎక్కువగానే ఉందనీ, ప్రయాణం కష్టమే అయిందనీ చెప్పింది.